మంగలికత్తి, బ్రష్షు, నురుగు: కొత్తగా మొదలుపెట్టేవారు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

గడ్డం కత్తితో గీసుకుంటానని తెలిస్తే చాలు, పెళ్ళిపంక్తిలో పక్కన కూర్చున్న పెద్దమనిషి దగ్గర నుంచి ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రవాడి దాకా అందరూ ఇంచుమించు ఇవే అడుగుతారు. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుట్టి, ఇలా రాసిపెట్టాను. నేను వృత్తి తెలిసినవాణ్ణి కాను. సొంత గడ్డం మీద, సొంత రక్తంతో నేర్చుకున్నవాణ్ణి. ఏ ప్రశ్నకు జవాబు కావాలో దాన్నే చదువుకోవచ్చు.

## కొనేముందు

మంగలికత్తి, సెలూన్ కత్తి, సేఫ్టీ రేజరు మూడూ ఒకటేనా?

కావు. మంగలికత్తి అంటే పిడిలోకి మడుచుకునే ఒకే ఉక్కు ముక్క. పదును తగ్గితే సానపట్టుకుంటాం, పారేసేది ఏమీ ఉండదు. సెలూన్లో ఇప్పుడు కనిపించేది చూడటానికి అలాగే ఉంటుంది గానీ, దాని నోట్లో సగానికి విరిచిన మామూలు బ్లేడు ఉంటుంది. ఒకరి రక్తం ఇంకొకరికి అంటకుండా మనిషికో కొత్త బ్లేడు వేస్తారు. వేయకపోతే మొహమాటపడకుండా అడగండి. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు తీసేవారి చేతిలో ఉండేదీ ఈ రకమే. ఇక సేఫ్టీ రేజరు మన నాన్నల తరం వాడినది: రెండంచుల బ్లేడును తల కింద బిగిస్తే, అంచు మాత్రం వెంట్రుకవాసి బయటికి కనిపిస్తుంది.

మంగలికత్తి అంత మంచిదైతే ఎందుకు మాయమైంది?

గడ్డం సరిగా గీయలేక కాదు, దాన్ని చూసుకునే ఓపిక జనానికి లేక. అమెరికాలో కింగ్ జిలెట్ పారేసే బ్లేడుతో రేజరును 1903లో అమ్మకానికి పెట్టినప్పుడు ఆ ఏడాదంతా కలిపి అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం ఆ రేజర్లను సిపాయిలకు పంచింది. కందకాల్లో తోలుపట్టీ వేలాడదీసుకుని కత్తి నూరుకునే తీరిక ఎవరికుంది? ఇళ్ళకు తిరిగి వెళ్ళినవారు ఆ అలవాటునూ వెంట తీసుకువెళ్ళారు. పదును చేసుకోవడం అనే పని గడ్డం నుంచి విడిపోయింది అప్పుడే.

నేరుగా మంగలికత్తితోనే మొదలుపెట్టవచ్చా?

పెట్టవచ్చు, కానీ నా సలహా అడిగితే మూడు నాలుగు నెలలు సేఫ్టీ రేజరు వాడండి. నేర్చుకోవలసినవి మూడు: నురుగు చేయడం, మీ ముఖం మీద వెంట్రుక ఎటు వాలిందో తెలుసుకోవడం, చేతి బలం వాడకుండా గీయడం. ఈ మూడూ సేఫ్టీ రేజరుతోనే వస్తాయి, తప్పు చేస్తే చిన్న గాటుతో పోతుంది. ఆ తరువాత కత్తి పట్టుకుంటే కొత్తగా నేర్చుకోవలసింది కోణమూ పదునూ మాత్రమే. చాలామంది సేఫ్టీ రేజరు దగ్గరే హాయిగా ఆగిపోతారు. అందులో నామోషీ ఏమీ లేదు.

మొత్తం ఎంత ఖర్చవుతుంది?

సేఫ్టీ రేజరు దారిలో వెళ్తే తక్కువే. రేజరు ఒకసారి కొంటే ఏళ్ళకేళ్ళు వస్తుంది. టోపాజ్, సెవెన్ ఓ క్లాక్ లాంటి మన కిరాణా కొట్టు బ్లేడ్లు ఒక్కోటి కొద్ది రూపాయలే. మంగలికత్తి సంగతి వేరు. పేరున్న కొత్త కత్తి 10,000 రూపాయలకు తక్కువలో దొరకడం కష్టం. అక్కడితో అయిపోదు, తోలుపట్టీ కావాలి, ఎప్పటికైనా సానరాళ్ళు కావాలి. అసలు ఖర్చు కత్తిది కాదు, దాన్ని పదునుగా ఉంచడానిది. మనవాళ్ళ ఆరంభశూరత్వం తెలిసిందే కాబట్టి ఒక్కటే మాట: అన్నీ ఒకేసారి కొనకండి. నా అలమరలో అలా కొన్న సబ్బులు ఇంకా నాలుగు మూత తీయకుండా ఉన్నాయి.

ఆన్‌లైన్‌లో ఐదారు వందలకే మంగలికత్తి దొరుకుతోంది. కొనవచ్చా?

వద్దు. అది కత్తి ఆకారంలో ఉన్న వస్తువు, కత్తి కాదు. మెత్తని ఉక్కుతో చేసినదో, సరిగా కాచి చల్లార్చనిదో, వెన్ను వంకర తిరిగినదో అయి ఉంటుంది. ఎంత సానపట్టినా పదును నిలవదు. కొత్తవాడు తప్పు తన చేతిదనుకుని, ముఖం పుండు చేసుకుని వదిలేస్తాడు. ఆ డబ్బుతో మంచి బ్రష్షు వస్తుంది. మంగలికత్తులకు పేరుపడిన ఊళ్ళు జర్మనీలో జోలింగెన్, ఇంగ్లండులో షెఫీల్డు, ఫ్రాన్సులో తియేర్. ఆ ఊళ్ళ పాత కత్తి, నమ్మకమైన చేతిలో సానపట్టించినది, చవక కొత్తదానికంటే ఎన్నో రెట్లు నయం.

కత్తుల వివరాల్లో 5/8, 6/8 అని రాస్తారు. అవేమిటి?

వెన్ను నుంచి అంచు దాకా ఉక్కు వెడల్పు, అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కన. 5/8 అంటే సుమారు 16 మిల్లీమీటర్లు, 6/8 అంటే 19. కొత్తవారికి ఈ రెండిట్లో ఏదైనా సరే. ముక్కు కింద తిప్పడానికి సన్నది వీలు, బరువుగా జారేది వెడల్పుది. మొన మాత్రం గుండ్రంగా ఉన్నది తీసుకోండి. చదరపు మొన చెవి పక్కన ఎప్పుడు గుచ్చుకుంటుందో చెప్పలేం.

సెలూన్ వాళ్ళలా బ్లేడు మార్చే కత్తి కొంటే సాన గొడవే ఉండదు కదా?

ఉండదు, నిజమే. కానీ నేర్చుకోవడానికి అది తేలిక అనుకోవడం పొరపాటు. మంగలికత్తికి సొంత బరువుంది, అంచు కాస్త ఓర్చుకుంటుంది. బ్లేడు కత్తి తేలికగా ఉంటుంది, అంచు కరుకు, కోణం కొంచెం తప్పినా క్షమించదు. రోజుకు ఇరవై గడ్డాలు గీసే క్షురకుడి చేతికి అది లొంగుతుంది. వారానికి మూడుసార్లు గీసుకునే మన చేతికి లొంగడానికి చాలా కాలం పడుతుంది.

## నురుగు దగ్గర

బ్రష్షు తప్పనిసరా? క్రీము చేత్తో రాసుకుంటే చాలదా?

చాలదు. చేత్తో రాస్తే క్రీము వెంట్రుకల మీద పైపైన పరుచుకుంటుంది. బ్రష్షు ఆ నురుగును వెంట్రుకల మొదళ్ళ దాకా తోసి, వాటిని నిలబెడుతుంది. నీరు పీల్చుకోవడానికి వెంట్రుకకు రెండు మూడు నిమిషాలు పడుతుంది, ఆ సమయం కూడా బ్రష్షు తిప్పుతుండగానే గడిచిపోతుంది.

మా ఇంట్లో శాకాహారులం. పంది వెంట్రుకల బ్రష్షు ముట్టుకోలేను. ఏం చేయాలి?

సింథటిక్ బ్రష్షు కొనండి. ఇప్పుడు వస్తున్నవి మెత్తగా ఉంటాయి, త్వరగా ఆరిపోతాయి, నానబెట్టనక్కరలేదు. నేను వాడేదీ అదే, నాకు మాంసాహారం విషయంలో ఏ పట్టింపూ లేకపోయినా.

నురుగు వస్తుంది, ముఖానికి రాసేలోపే చచ్చిపోతుంది. సబ్బు మంచిది కాదా?

ముందు నీటిని అనుమానించండి. హైదరాబాదులో బోరు నీళ్ళతో నడిచే అపార్టుమెంట్ల నుంచి నాకు ఈ ప్రశ్న వచ్చినంతగా మరే ప్రశ్నా రాలేదు. చవుడు నీటిలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టుగా మారతాయి. బకెట్టు అంచున గార కట్టేది, బట్టల సబ్బు ఎంత రుద్దినా నురగ రానివ్వనిది అదే. సబ్బులో సగం ఈ తెట్టు కిందే పోతే, మిగిలిన సగం నురుగును ఎంతసేపు నిలబెడుతుంది?

పరిష్కారం తేలిక. తాగేందుకు శుద్ధిచేసిన నీళ్ళు ఒక గ్లాసుడు గోరువెచ్చగా చేసుకోండి. బ్రష్షు తడపడానికీ నురుగుకూ అవే వాడండి. ముఖం కడుక్కోవడానికి బోరు నీళ్ళు చాలు. వానాకాలంలో డాబా మీద పట్టిన నీళ్ళతో ఒకసారి చేసి చూడండి, అదే సబ్బు కొత్త సబ్బులా ప్రవర్తిస్తుంది. అదీ కుదరకపోతే గట్టి సబ్బుకు బదులు ట్యూబు క్రీము వాడి, మామూలు కంటే కాస్త ఎక్కువ తీసుకోండి.

నురుగు ఎంత చిక్కగా ఉండాలి?

వంటింటి లెక్కలో చెబుతాను. పులిసిన ఇడ్లీపిండిలా బుడగలు కనిపిస్తే గాలి, నీరు ఎక్కువయ్యాయి, సబ్బు తక్కువైంది. గోడకు వేసే లప్పంలా ముద్దగా ఉండి బ్రష్షును లాగుతుంటే నీరు చాలలేదు. చిలికిన మీగడ పెరుగులా నున్నగా, మెరుస్తూ, బ్రష్షు ఎత్తితే కొస వంగే కుచ్చులా నిలవాలి. చుక్కలు చుక్కలుగా నీరు కలుపుతూ పోతే అక్కడికి చేరతారు. కొత్తవాళ్ళలో చాలామంది చేసే తప్పు నీరు తక్కువ కలపడం. వేళ్ళ మధ్య రుద్దితే జారాలి. నురుగు ఎత్తుగా లేకపోయినా ఫరవాలేదు, జారడమే ముఖ్యం.

స్నానానికి ముందా, తరువాతా?

తరువాత. తీరిక లేకపోతే వేడినీటిలో ముంచి పిండిన తువ్వాలు రెండు నిమిషాలు ముఖాన పెట్టుకోండి.

## మొదటి వారాలు

వెంట్రుకల వాలు ఎలా తెలుస్తుంది?

రెండు రోజుల గడ్డం మీద వేళ్ళతో నిమరండి. నున్నగా జారితే అది వాలు, గరుకుగా తగిలితే అది ఎదురు. బుగ్గల మీద అందరికీ దాదాపు కిందికే ఉంటుంది. తికమక పెట్టేది మెడ: నాకు ఎడమ దవడ కింద పక్కకు, కంఠం దగ్గర పైకి ఉంటుంది. ఒక కాగితం మీద ముఖం బొమ్మ గీసి బాణాలు వేసి అద్దం పక్కన అంటించుకోండి. మొదటి నెల వాలుగా ఒక్క విడతతో సరిపెట్టుకోండి. నున్నగా రావడం లేదని రెండో రోజే ఎదురు గీయకండి.

మంగలికత్తి ఎలా పట్టుకోవాలి? కోణం ఎంత?

మూడు వేళ్ళు ఉక్కు మెడ (అంచుకూ కీలుకూ మధ్య భాగం) మీద, బొటనవేలు కింద, చిటికెనవేలు తోక (కీలు దాటి వెనక్కి వంగిన కొస) మీద. పిడి వెనక్కి తెరుచుకుని ఉంటుంది. కత్తిని చర్మం మీద పూర్తిగా పడుకోబెట్టి, వెన్నును దాని మందానికి రెండింతలు పైకెత్తండి. అది ఇంచుమించు 30 డిగ్రీలు. అంతకు తగ్గితే వెంట్రుకను లాగుతుంది, బాగా పెరిగితే చర్మాన్ని గీకుతుంది. రెండో చేతి పని చర్మాన్ని బిగువుగా లాగి పట్టడం. సగం క్షౌరం ఆ చేతిదే. కత్తి ఎప్పుడూ అంచుకు అడ్డంగా ముందుకే కదలాలి. కూరగాయ తరిగినట్టు అంచు పొడవునా పక్కకు జరిగితే, అది వెంట్రుకనూ మిమ్మల్నీ వేరుచేసి చూడదు.

మొదటి రోజే ముఖమంతా గీయాలా?

వద్దు. మొదటి వారం కుడి బుగ్గ, ఎడమ బుగ్గ మాత్రమే కత్తితో, మిగతాది సేఫ్టీ రేజరుతో. తరువాత దవడ అంచు, ఆపైన మెడ. గడ్డం మొన, పై పెదవి చివరికి ఉంచండి. అక్కడ ఎముక గుండ్రం, వెంట్రుక మొండి. ఆదివారం తీరికగా మొదలుపెట్టండి, ఇంటర్వ్యూకు వెళ్ళే పొద్దున కాదు.

గొంతు తెగుతుందేమోనని భయంగా ఉంది. నిజంగా ప్రమాదమా?

అందరూ అడగాలనుకునేది ఇదే, కానీ చివరికి అడుగుతారు. గడ్డం గీసే తేలిక చేత్తో పైచర్మం మీద గాట్లే పడతాయి. నిజమైన ప్రమాదాలు గీస్తున్నప్పుడు కాదు, ముందూ వెనకా జరుగుతాయి. తడిచేతిలోంచి కత్తి జారితే పట్టుకోబోకండి, వదిలేసి అడుగు వెనక్కి వేయండి. కత్తి పోతే కత్తే పోతుంది. తలుపు గడియ పెట్టుకోండి, చిన్నపిల్లలు వెనక నుంచి వచ్చి కాళ్ళకు చుట్టుకుంటారు. చేతులు వణికేవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు మంగలికత్తి జోలికి పోకపోవడమే మంచిది.

తెగితే ఏం రాయాలి?

చల్లటి నీళ్ళు పోసి, పటిక ముక్కను తడిపి గాటు మీద అదిమి పట్టండి. కిరాణా కొట్లో దొరికే మామూలు పటిక చాలు. చురుక్కుమంటుంది, చిన్న గాట్ల నుంచి రక్తం ఆగిపోతుంది. నిమిషం తరువాత కడిగేయండి. పటిక మంచి గురువు కూడా: గాట్లు కనిపించకపోయినా ముఖమంతా రాసి చూడండి, ఎక్కడ మండితే అక్కడ మీరు చేయి ఎక్కువ ఆనించారన్నమాట. లోతుగా తెగి పది నిమిషాలు గట్టిగా అదిమినా రక్తం ఆగకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

గీసుకున్న మర్నాడు మెడ మీద ఎర్రటి పొక్కులు. ఎందుకు?

ఎక్కువ సందర్భాల్లో వాలుకు ఎదురుగా మరీ లోతుగా గీయడం వల్ల. తెగిన వెంట్రుక కొస చర్మం కిందికి దిగి, ఒంపు తిరిగి లోపలే పెరుగుతుంది. రింగుల జుట్టున్నవారికి ఇది ఎక్కువ. రెండు మూడు వారాలు వాలుగా ఒక్క విడతే గీయండి, పొక్కులను గిల్లకండి. చీము పడితే చర్మవైద్యుడికి చూపించండి.

గీస్తే గడ్డం దట్టంగా వస్తుందంటారు. నిజమేనా?

కాదు. తెగిన కొస మొద్దుగా ఉండి గరుకుగా తగులుతుంది, అంతే.

## పదును

తోలుపట్టీ నిజంగా అవసరమా, ఆడంబరమా?

మంగలికత్తి వాడితే తప్పదు. అంచు ఎంత సన్నం అంటే, ఒక గడ్డం గీసేసరికే కంటికి కనిపించనంత వంగి, చెదురుతుంది. పట్టీ దాన్ని మళ్ళీ వరసలో పెడుతుంది. ప్రతిసారీ గీసుకునేముందు ఇరవై ముప్ఫైసార్లు పట్టీ గుడ్డ వైపు, యాభై అరవైసార్లు తోలు వైపు.

మా ఊళ్ళో వేపచెట్టు కింద రేకుపెట్టెతో కూర్చునే పెద్దాయనకు పట్టీ ఉండేది కాదు. ఎడమ అరచేతిని చాచి, కత్తిని దాని మీద ఇటూ అటూ దోసె తిరగేసినట్టు తిప్పేవారు. చప్, చప్ అని ఒకే తాళంలో శబ్దం. కళ్ళు మాత్రం ఎదురుగా కూర్చున్నవాడి ముఖం మీద, నోరు ఊరి కబుర్లలో. ఆయన అరచేయి మధ్యలో చర్మం పాత చెప్పు అట్టలా నున్నగా మెరిసేది. మీరు దాన్ని అనుకరించకండి, ఆ అరచేతికి నలభై ఏళ్ళు పట్టింది.

పట్టీ మీద సూత్రం ఒక్కటే: వెన్ను ముందు నడవాలి, అంచు వెనక రావాలి. కొసకు చేరాక కత్తిని వెన్ను మీదుగా తిప్పాలి, అంచు మీదుగా కాదు. రెండో రోజే నేను ధీమాగా వేగం పెంచి అంచు మీదుగా తిప్పాను. కొత్త పట్టీ మీద నెలవంకంత కోత పడింది. ఇప్పటికీ ఆ పట్టీనే వాడుతున్నాను. అక్కడికి రాగానే చేయి దానంతట అదే నెమ్మదిస్తుంది. పట్టీని గట్టిగా లాగి పట్టండి. వేలాడితే అంచు గుండ్రబడుతుంది.

సానపట్టడం నేనే చేసుకోగలనా?

చేసుకోగలరు, మొదటి ఏడాది వద్దు. కొత్తవారు పదును పోయిన కత్తితో గీస్తూ తప్పు చేతిదనుకుంటారు, చేయి కుదరకపోతే రాయిదనుకుంటారు. రెండూ ఒకేసారి నేర్చుకుంటే ఏది ఎక్కడ తప్పిందో తెలియదు. మొదట తెలిసినవారి చేత సానపట్టించి, పదును అంటే ఎలా ఉండాలో ముఖానికి తెలియనివ్వండి. పట్టీ సరిగా వాడితే ఆ పదును నెలల తరబడి నిలుస్తుంది.

తరువాత సొంతంగా మొదలుపెడితే నీటిరాళ్ళు (నీటితో తడిపి వాడే సానరాళ్ళు) తీసుకోండి: 1000 అంకె రాయి అంచు ఏర్పరచడానికి, 4000, 8000 నునుపుకు, 12000 ముగింపుకు. అంకె పెరిగేకొద్దీ రాయి రవ్వ సన్నన. కత్తిని రాయి మీద పడుకోబెడితే వెన్నూ అంచూ రెండూ ఆనుతాయి, కోణం దానంతట అదే కుదురుతుంది. వెన్ను మందంగా ఉండటంలో ఉన్న తెలివి అదే. ఇక్కడ మాత్రం అంచు ముందు నడుస్తుంది.

సైకిలు మీద సానచక్రం తిప్పుకుంటూ వీధిలోకి వచ్చేవారికి ఈ కత్తి ఇవ్వకండి. కత్తిపీటకు, కత్తెరకు వాళ్ళను మించినవారు లేరు. కానీ చక్రం రాపిడి వేడికి ఇంత పలుచని ఉక్కు బిగువు పోతుంది, వెన్నుకూ అంచుకూ ఉన్న లెక్క చెడుతుంది.

పదును ఉందో లేదో ఎలా చూడాలి?

బొటనవేలితో అంచు నిమిరి చూసే అలవాటు ఉంటే మానండి. ముంజేతి మీద చర్మానికి తగలకుండా, వెంట్రుకల కొసల మీదుగా కత్తిని పోనివ్వండి. కొసలు టపటపా రాలితే బాగుంది. అయినా అసలు పరీక్ష బుగ్గ మీదే. సన్నగా, పొడిగా ‘చర్ర్’ మని వినిపిస్తూ లాగకుండా పోతే పదునుంది. శబ్దం లేకుండా పీకుతుంటే ఆపేసి పట్టీ దగ్గరికి వెళ్ళండి.

సేఫ్టీ రేజరు బ్లేడు ఎన్నిసార్లు వాడవచ్చు?

నాలుగైదుసార్లు. గడ్డం మొండిదైతే మూడు. లాగుతున్నట్టు అనిపించిన రోజే మార్చండి. రెండు రూపాయలు మిగుల్చుకోవడానికి ముఖాన్ని పణంగా పెట్టడం దండగ. తుడిచి ఆరబెట్టబోయి గుడ్డ, వేలు కోసుకోకండి, కడిగి దులిపితే చాలు.

వాడిన బ్లేడ్లు ఎక్కడ పారేయాలి?

చెత్తబుట్టలో విడిగా వేయకండి. ఆ సంచిలో చేయి పెట్టేది పారిశుద్ధ్య కార్మికులు. మూత ఉన్న రేకు డబ్బాకు పైన సన్నని గాటు పెట్టి అందులో పడేస్తూ ఉండండి. నిండడానికి ఏళ్ళు పడుతుంది. నిండాక గాటును టేపుతో మూసి, పైన బ్లేడ్లు అని రాసి చేతికివ్వండి.

అన్నదమ్ములం ఒకే రేజరు వాడవచ్చా?

సేఫ్టీ రేజరు పిడి పంచుకోవచ్చు, బ్లేడు పంచుకోకూడదు. మంగలికత్తి ఒక్కరిదే. హెపటైటిస్ లాంటివి కంటికి కనిపించనంత రక్తంతోనూ అంటుకుంటాయి.

విమానంలో తీసుకెళ్ళనిస్తారా?

చేతిసంచిలో కత్తీ, విడి బ్లేడ్లూ ఒప్పుకోరు. చెక్ ఇన్ పెట్టెలో పెట్టండి. అమెరికా నుంచి సెలవులకు వచ్చే పిల్లలు చాలామంది రేజరు పిడి తెచ్చుకుని, బ్లేడ్లు ఇక్కడ వీధి చివర కొంటారు. తిరిగి వెళ్ళేటప్పుడు పెట్టె అడుగున ఏడాదికి సరిపడా సర్దుకుంటారు.

అటక మీద తాతగారి కత్తి దొరికింది. అంతా తుప్పు. పనికొస్తుందా?

తుప్పు ఎక్కడుందో చూడండి. ఉక్కు వంటి మీద, వెన్ను మీద ఉంటే బాధ లేదు. కుట్టుమిషన్ నూనె పూసి ఒక రోజు ఉంచి, మెత్తటి గుడ్డతో రుద్దండి. గరుకు కాగితంతో గోకేయకండి, కత్తి మెడ మీద చెక్కిన ఊరి పేరు, తయారీ ముద్ర పోతాయి. తుప్పు అంచు దాకా తిని గుంటలు పడితే, అంచు పంటి వరసలా తరిగితే, పగులు కనిపిస్తే ఇక గడ్డానికి పనికిరాదు. అంచు నిండుగా ఉంటే కత్తులు తెలిసినవారి చేత సానపట్టించి వాడుకోవచ్చు. అప్పటి నుంచి వాడిన ప్రతిసారీ పొడిగా తుడిచి, కొద్దిగా నూనె రాసి, స్నానాలగది బయట పెట్టండి. పిడి మరీ పట్టేస్తే కీలు దగ్గర ఒక చుక్క నూనె వేసి, తెరుస్తూ మూస్తూ ఉండండి. మా తాతగారిది అలా తెరుచుకున్నప్పుడు పిడి సందులోంచి ఎండిపోయిన సబ్బు పొలుసు ఒకటి రాలింది. ఇంకా కొంచెం చందనం వాసన వస్తోంది.